సెన్సర్ శ్రేణులకు మాత్రికల లెక్క: గాదంకి, గౌరీబిదనూరు, కుప్పం చుట్టూ ఒక సమీక్ష

పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పేరుపడిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను టమాటా మార్కెట్టుతోనో పొట్టి జాతి ఆవులతోనో గుర్తుపట్టడం అందరికీ అలవాటే గాని, తరంగాలను మూకుమ్మడిగా పట్టే యంత్రాలు ఈ ప్రాంతానికి మూడు దిక్కులా పనిచేశాయన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మదనపల్లెకు తూర్పున, ఇంచుమించు అదే అక్షాంశం మీద, గాలిలో కొలిస్తే సుమారు 70 కిలోమీటర్ల దూరంలో గాదంకి వాతావరణ రాడార్ ఉంది. పడమరన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తెలుగు ఇళ్లు చాలానే ఉన్న గౌరీబిదనూరు దగ్గర, భూకంపాలను వినే శ్రేణి ఒకటి, రేడియో దూరదర్శిని మరొకటి ఉన్నాయి. దక్షిణాన కుప్పం నుంచి తమిళనాడులోని పళని దాకా సుమారు 300 కిలోమీటర్ల రేఖ వెంట హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ జియోఫోన్లు పరిచి భూమి లోతులను పరిశీలించింది. గాలి, నేల, నింగి అని మూడు వేర్వేరు శాస్త్రాలకు చెందిన ఈ ఏర్పాట్లు గణితంలో మాత్రం ఒక్కచోట, మాత్రిక దగ్గర, కలుస్తాయి. ఆ మాత్రికా పద్ధతులు ఏ అవసరం నుంచి పుట్టాయో, కాగితం మీద అవి ఇచ్చిన మాట నేల మీదికి వచ్చేసరికి ఎందుకు తగ్గుతుందో పరిశీలించడం ఈ వ్యాసం పని.

శ్రేణి వెనుక ఉన్న ఆలోచన సులువైనది. చాలా దూరం నుంచి వచ్చే తరంగం సెన్సర్లను చేరేసరికి దాదాపు సమతలంగా ఉంటుంది. అది ఏటవాలుగా వస్తే ముందు ఒక సెన్సర్‌ను తాకి, కొద్ది ఆలస్యంతో పక్క సెన్సర్‌ను తాకుతుంది. ఒకే పౌనఃపున్యం ఉన్న తరంగానికి ఈ ఆలస్యం దశలో తేడాగా కనిపిస్తుంది కనుక, ప్రతి సెన్సర్ పాఠాన్నీ పరిమాణమూ దశా రెండూ గల ఒక సంకీర్ణ సంఖ్యగా రాసి, ఒక క్షణంలో అన్ని సెన్సర్లూ ఇచ్చిన సంఖ్యలను నిలువుగా పేరిస్తే ఒక సదిశ ఏర్పడుతుంది. ఫలానా దిశ నుంచి తరంగం వస్తే దశలు ఎలా పేరుకోవాలో జ్యామితి ముందుగానే చెప్పగలదు. అలా లెక్కించి ఉంచిన సదిశను దిశా సదిశ అంటారు. నిజంగా అందిన సదిశ ఏ దిశా సదిశకు దగ్గరగా ఉందో తేల్చడమే, స్థూలంగా, ఈ విద్య అంతా.

అయితే ఒక్క క్షణపు పాఠంతో ఏదీ తేలదు, ఎందుకంటే అందులో తరంగంతోపాటు రొద కూడా కలిసి ఉంటుంది. అందువల్ల అనేక క్షణాల పాఠాలు తీసుకొని, ప్రతి జత సెన్సర్ల మధ్యా పోలికను సగటు కట్టి, ఎన్ని సెన్సర్లుంటే అన్ని అడ్డువరుసలూ అన్నే నిలువువరుసలూ గల ఒక చతురస్ర మాత్రికలో నింపుతారు. దీనిని సహవిస్తృతి మాత్రిక అంటారు. దాని ప్రధాన వికర్ణం మీద ఒక్కొక్క సెన్సర్ అందుకున్న శక్తి ఉంటుంది. వికర్ణానికి అవతల ఉన్న ప్రతి గడిలో రెండు సెన్సర్ల మధ్య దశా సంబంధం ఉంటుంది. సెన్సర్లలో రొద ఒకదానితో ఒకటి సంబంధం లేనిదైతే, సగటు కట్టేకొద్దీ అది వికర్ణం మీదికే చేరి, మిగిలిన గడుల్లో తరంగం జాడ మాత్రమే నిలుస్తుంది. రేడియో ఖగోళజ్ఞులు ఇదే గడిని మరో పేరుతో పిలుస్తారు, భూకంప శాస్త్రజ్ఞులు ఇంకో పేరుతో పిలుస్తారు. పేరు మారినా వస్తువు ఒకటే. సెన్సర్ శ్రేణి గురించి రాసిన పుస్తకాలు వందల పుటలు నడిచినా, వాటిలో ప్రతి పద్ధతీ చివరికి ఈ ఒక్క మాత్రికను ఏ తీరున విడదీయాలన్న ప్రశ్నకు ఒక జవాబే.

మొదటి జవాబు పుంజ నిర్మాణం. ఒక దిశను ఎంచుకొని, ఆ దిశా సదిశ చెప్పినట్టు ప్రతి సెన్సర్ పాఠానికీ దశ సరిచేసి కూడితే, ఆ దిశ నుంచి వచ్చిన తరంగం కుప్పపడి, మిగతావి చెదిరిపోతాయి. ఇది గట్టి పద్ధతి, మొండి పద్ధతి కూడా. సెన్సర్లలో చిన్నా చితకా లోపాలున్నా పెద్దగా దెబ్బతినదు. దాని లోటల్లా పృథక్కరణ సామర్థ్యం: పుంజం వెడల్పు తరంగదైర్ఘ్యాన్ని శ్రేణి పొడవుతో భాగిస్తే వచ్చేంత ఉంటుంది, ఆ వెడల్పు లోపల రెండు మూలాలుంటే అవి ఒకటిగానే కనిపిస్తాయి. గౌరీబిదనూరు రేడియో దూరదర్శినిని చూస్తే ఈ పరిమితి ఎంత కఠినమైనదో తెలుస్తుంది. 34.5 మెగాహెర్ట్జ్ వద్ద, అంటే 8.7 మీటర్ల తరంగదైర్ఘ్యంతో, 1000 డైపోల్ యాంటెన్నాలను ఆంగ్ల ‘టీ’ అక్షరం ఆకారంలో పరిచి, తూర్పు–పడమర చేయిని 1.38 కిలోమీటర్ల దాకా సాగదీసినా, ఆ దిశలో దాని చూపు 26 కోణీయ నిమిషాల దగ్గర ఆగిపోయింది. పున్నమి చంద్రుడి వెడల్పు కన్నా అది కొంచెమే తక్కువ.

రెండో జవాబు భూకంపాల వైపు నుంచి వచ్చింది, దానికి అణ్వస్త్రాల చరిత్రతో సంబంధం ఉంది. భూగర్భ అణుపరీక్షలను దూరం నుంచి పసిగట్టవలసిన అవసరం 1960లలో తలెత్తినప్పుడు, బ్రిటిష్ నమూనా శ్రేణులు స్కాట్లండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్, కెనడాలోని ఎల్లోనైఫ్, ఆస్ట్రేలియాలోని వరమంగ, మన గౌరీబిదనూరు వద్ద వెలిశాయి. భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే గౌరీబిదనూరు శ్రేణి 1965 నాటిది. లంబకోణంలో కలిసే రెండు చేతుల మీద, ఒక్కొక్కటి 20 కిలోమీటర్లకు పైగా సాగేలా, 20 భూకంపమాపకాలు అమర్చారు. దూరదేశపు కంపనం అక్కడి నేల మీద సెకనుకు పది, ఇరవై కిలోమీటర్ల దృశ్యవేగంతో సాగిపోతుంది కాబట్టి, సెకను ఆవృత్తికాలం గల తరంగానికి తరంగదైర్ఘ్యమే పది, ఇరవై కిలోమీటర్లవుతుంది; శ్రేణి పొడవు దానికి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉన్నప్పుడు సాధారణ పుంజం ఎంత మొద్దుగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అదే ఏడాది అమెరికాలోని మోంటానాలో 525 భూకంపమాపకాలతో సుమారు 200 కిలోమీటర్ల వ్యాసంలో భారీ శ్రేణిని నిర్మించారు. ఆ శ్రేణి పాఠాల మీద పనిచేసిన జాక్ కేపన్ 1969లో ప్రతిపాదించిన పద్ధతి ఈ రంగాన్ని మలుపు తిప్పింది.

కేపన్ వేసిన ప్రశ్న వేరు. చూస్తున్న దిశ నుంచి వచ్చే తరంగాన్ని తగ్గించకుండా ఉంచుతూ, బయటికి వచ్చే మొత్తం శక్తిని వీలైనంత తక్కువ చేసే తూనికలు ఏవి అని ఆయన అడిగాడు. దానికి జవాబు సహవిస్తృతి మాత్రిక విలోమంలో దొరుకుతుంది. వేరే దిక్కున బలమైన మూలం ఉంటే, ఎవరూ చెప్పకుండానే ఈ పద్ధతి ఆ దిక్కును మూసేస్తుంది. కాని విలోమం కట్టడమంటే, కింద వివరించబోయే మాత్రిక లాక్షణిక మూలాల్లో చిన్న చిన్నవాటితో భాగించడం. అవే అన్నిటికన్నా తప్పుగా అంచనా అయ్యేవి. కేపన్ పద్ధతి బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి.

మూడో జవాబు మాత్రికను విలోమం చేయక, దాని అంగాలను విడదీసి చూసింది. లాక్షణిక మూలాలు అంటే మాత్రిక ఏయే దిశల్లో ఎంతెంత శక్తిని దాచుకుందో చెప్పే సంఖ్యలు; ఒక్కొక్కదానికి తోడుగా ఒక లాక్షణిక సదిశ ఉంటుంది. పది సెన్సర్లూ రెండు మూలాలూ ఉంటే, రొద సమంగా ఉన్నప్పుడు, రెండు లాక్షణిక మూలాలు పెద్దవిగా, మిగిలిన ఎనిమిదీ రొద స్థాయిలో సమానంగా ఉంటాయి. పెద్దవాటి సదిశలు కలిసి సంకేత ఉపాంతరాళం, మిగిలినవి కలిసి రొద ఉపాంతరాళం అవుతాయి. ఈ రెండూ ఒకదానికొకటి లంబం. నిజమైన మూలం దిశా సదిశ రొద ఉపాంతరాళానికి లంబంగా ఉండి తీరాలి కాబట్టి, ఆ లంబత్వం ఎక్కడ నెరవేరుతుందో వెతికితే దిశ దొరుకుతుంది. రాల్ఫ్ ష్మిట్ 1979లో రూపొందించి, 1986లో విస్తృతంగా ప్రచురించిన ఈ పద్ధతికి మ్యూజిక్ అని పేరు. దాదాపు అదే కాలంలో రిచర్డ్ రాయ్, ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్ తెచ్చిన ఎస్ప్రిట్ పద్ధతి ఆ వెతుకులాటను కూడా తీసేసి, శ్రేణిని ఒకే పోలిక గల రెండు ముక్కలుగా చూసి, ఒకదాని నుంచి మరొకదానికి తిప్పే మాత్రిక లాక్షణిక మూలాల నుంచే కోణాలు చదివింది.

ఈ దశలో తెలుగు నేలతో అనుబంధమున్న పరిశోధకుల పని లెక్కలోకి తీసుకోదగినది. సమాన దూరాల్లో సెన్సర్లున్న వరుసకు మ్యూజిక్ వెతుకులాటను ఒక బహుపది మూలాలు కట్టడంగా మార్చవచ్చునని అంతకుముందే తెలుసు, భాస్కర్ డి. రావు, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి తరవాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడైన కె.వి.ఎస్. హరి కలిసి 1989లో ఆ రూపం ఎందుకు మెరుగో గణితంతో నిరూపించారు. బహుపది మూలంలో వచ్చే దోషం ఎక్కువగా యూనిట్ వృత్తానికి లోపలికో బయటికో జరుగుతుంది, కోణం మాత్రం అంతగా కదలదు. శిఖరాల ఎత్తు చూసి గుర్తించే మామూలు మ్యూజిక్‌లో అదే దోషం రెండు శిఖరాలను ఒకటిగా కలిపేస్తుంది. ఉస్మానియాలోనూ భారతీయ విజ్ఞాన సంస్థలోనూ బోధించిన వి.యు. రెడ్డి, పాల్‌రాజ్, కైలాత్‌లతో కలిసి 1987లో మరో చిక్కును పరిశీలించారు. ఒకే సంకేతం నేరుగానూ, కొండకు తగిలి ప్రతిఫలించీ రెండు దారుల్లో వస్తే, రెండు మూలాలున్నా మాత్రిక కోటి ఒకటికే పడిపోతుంది. కోటి అంటే మాత్రికలో నిజంగా స్వతంత్రమైన వరుసల సంఖ్య. శ్రేణిని ఒకదాని మీద ఒకటి వచ్చే చిన్న శ్రేణులుగా విడదీసి, వాటి మాత్రికలను సగటు కడితే కోటి తిరిగి లేస్తుంది. దానికి చెల్లించే మూల్యం శ్రేణి పొట్టిదైపోవడం. హార్స్‌లీ హిల్స్ వంటి కొండల నడుమ రేడియో సంకేతాలు అందుకునేవారికి ఇది పుస్తకాల సమస్య కాదు, రోజువారీ సమస్య.

ఇక గాదంకి. ఈ ప్రాంతంలో శ్రేణి అంటే ముందుగా చెప్పవలసింది దాని గురించే. ముంబయిలోని సమీర్ సంస్థ రూపొందించిన ఎంఎస్‌టి రాడార్ 1992, 1993లలో దశలవారీగా పనిలోకి వచ్చింది. దాన్ని నడిపిన కేంద్రం 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. 53 మెగాహెర్ట్జ్ వద్ద, 130 మీటర్ల చదరంలో, 32 అడ్డువరుసలు 32 నిలువువరుసలుగా 1024 జంట యాగీ యాంటెన్నాలు నిలబెట్టారు. ఒక్కసారి చూసినవారికి అది లోహపు తోటలా కనిపిస్తుంది. యాంటెన్నాకూ యాంటెన్నాకూ మధ్య దూరం సుమారు 4 మీటర్లు, అంటే 5.66 మీటర్ల తరంగదైర్ఘ్యంలో 0.7 వంతు. ఆ దూరానికి పుంజాన్ని నడినెత్తి నుంచి సుమారు 25 డిగ్రీలకు మించి వంచితే దొంగపుంజం ఒకటి ఎదుటి దిక్కున తలెత్తుతుందని లెక్క చెబుతుంది. పుంజం వెడల్పు 3 డిగ్రీలు. వానాకాలంలో ద్వీపకల్పం మీద సుమారు 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి వీచే వేగవంతమైన గాలిప్రవాహాన్ని ఈ రాడార్ నిత్యం కొలుస్తుంది. ఆ ఎత్తున 3 డిగ్రీలంటే 840 మీటర్ల వెడల్పు గల గాలి ముక్క. సెకనుకు 35 మీటర్ల వేగం అనుకుంటే ఆ గాలే అరగంటలో పుంగనూరు మీదికి వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. 1024 యాంటెన్నాలు ఉన్నాయి కనుక గాదంకిలో మొదటి నుంచీ 1024 వరుసల మాత్రిక సిద్ధంగా ఉండేదని అనుకోకూడదు. పాత ఏర్పాటులో 32 ప్రసారిణులు ఒక్కొక్కటి 32 యాంటెన్నాల ఉపశ్రేణిని పోషించేవి, మొత్తం శిఖర శక్తి 2.5 మెగావాట్లు, తిరిగి వచ్చిన ప్రతిధ్వనులు మాత్రం కేబుళ్లలోనే కలిసిపోయి ఒకే గ్రాహకానికి చేరేవి. పుంజ నిర్మాణం రాగి తీగల్లోనే ముగిసిపోయేది, మాత్రికగా మారవలసిన సమాచారం కూడికలో కరిగిపోయేది. అందువల్ల గాదంకి పాఠాలతో పనిచేసినవారు మాత్రికా పద్ధతులను స్థలంలో కాక కాలంలో ప్రయోగించారు: ఒకే సంకేతపు వరుస నమూనాలను సెన్సర్ల పాఠాల్లా భావించి, వాటి సహవిస్తృతి కట్టి, రొద నుంచి డాప్లర్ మార్పును వేరుచేశారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జి. రామచంద్రారెడ్డి, టి. శ్రీనివాసులురెడ్డి, గాదంకిలో వి.కె. ఆనందన్, పి.బి. రావు వంటివారు ఈ దారిలో చాలా పనిచేశారు. 2001లో ఉన్నతక్రమ వర్ణపటాలు, 2004లో బహుగవాక్ష పద్ధతి, 2014లో లాక్షణిక సదిశల మీద ఆధారపడిన ప్రధానాంశ విశ్లేషణ ఆ వరుసలోవే. ప్రతిధ్వని సన్నగిల్లే పై ఎత్తుల్లో గాలి వేగాన్ని ఇంకొంచెం పైదాకా నమ్మకంగా చదవడమే వాటన్నిటి లక్ష్యం, అది మంచి లక్ష్యమే. అయినా అవి శ్రేణి గణితం కావు. ఒంటి చెవితో విన్నదాన్ని మెరుగ్గా వినడం మాత్రమే. ఆ తరవాత రాడార్‌ను పూర్తిగా పునర్నిర్మించి, ప్రతి యాంటెన్నాకూ ఒక కిలోవాట్ సామర్థ్యం గల ఘనస్థితి ప్రసార–గ్రాహక మాడ్యూల్ పెట్టి, అనేక గ్రాహకాలతో వినే వీలు కల్పించాక గాని నిజమైన స్థల మాత్రిక చేతికి రాలేదు.

అలా చేతికి వచ్చిన మాత్రిక ఎంత నమ్మదగినదన్నది అసలు ప్రశ్న. రీడ్, మాలెట్, బ్రెన్నన్ 1974లో చూపినదాని ప్రకారం, ఫలితం సగానికి మించి నష్టపోకుండా ఉండాలంటే సెన్సర్ల సంఖ్యకు కనీసం రెట్టింపు స్వతంత్ర పాఠాలు కావాలి. 1024 సెన్సర్లకు 2048 పాఠాలు. అన్ని పాఠాలు పోగయ్యేలోపు గాలి అలాగే నిలిచి ఉండదు. ఉపశ్రేణులుగా కుదించి 32 గ్రాహకాలతోనే వింటే 64 పాఠాలు చాలు. కాని ఆ 64తో కూడా ఏమవుతుందో మార్చెంకో, పాస్తూర్ 1967లో కనుగొన్న సూత్రం చెబుతుంది: సంకేతమే లేని, రొద మాత్రమే ఉన్న మాత్రికలో అన్ని లాక్షణిక మూలాలూ 1 కావలసి ఉండగా, 32 సెన్సర్లకు 64 పాఠాలతో అవి సుమారు 0.09 నుంచి 2.9 దాకా విస్తరిస్తాయి. పెద్దది చిన్నదానికి ముప్పై రెట్లకు మించి ఉంటుంది. ఇది తెలియని విశ్లేషకుడు పైనున్న నాలుగైదు లాక్షణిక మూలాలను సంకేతాలని పొరబడటం ఖాయం. వాక్స్, కైలాత్ 1985లో సూచించిన మూలాల లెక్కింపు నియమాలు కూడా పాఠాలు ధారాళంగా ఉన్నప్పుడే నిలబడతాయి. పాఠాలు చాలనప్పుడు వికర్ణం మీద ప్రతి గడికీ ఒక స్థిరసంఖ్య కలిపి, ఆపై విలోమం కట్టడం వాడుకలో ఉన్న వైద్యం. చూడటానికి ఇది మోటుపని, గణితజ్ఞులకు అంత రుచించదు; కాని 2003 తరవాత వచ్చిన దృఢ పుంజ నిర్మాణ సిద్ధాంతాలు, దిశా సదిశలో దోషాన్ని అనుమతిస్తూ మొదలుపెట్టినా, చివరికి ఆ మోటు కూడికనే వేరే దారిన చేరుకున్నాయి.

దిశా సదిశలో దోషం ఎంత సులువుగా చొరబడుతుందో గాదంకి కొలతలతోనే చెప్పవచ్చు. గాలిలో 16 సెంటీమీటర్ల దారి తేడా వస్తే 10 డిగ్రీల దశ తప్పుతుంది. కేబుల్‌లో అంతకన్నా తక్కువ పొడవే చాలు. పక్కపక్క యాంటెన్నాల మధ్య పరస్పర ప్రేరణ, ఎండకు వేడెక్కిన మాడ్యూళ్ల దశ జారడం దానికి తోడు. మామూలు పుంజం వీటిని ఓర్చుకుంటుంది. మ్యూజిక్ ఓర్చుకోదు, ఎందుకంటే అది లంబత్వం మీద నిలిచి ఉంది, లంబత్వం చిటికెడు తప్పినా శిఖరం కూలుతుంది. అందుకే ఇలాంటి శ్రేణులు దశలు సరిచూసుకోవడానికి ఆకాశంలో స్థానం కచ్చితంగా తెలిసిన రేడియో మూలాలను వెతుక్కుంటాయి. గాదంకికి ఈ విషయంలో అదృష్టం కలిసివచ్చింది: కన్యారాశిలోని విర్గో–ఎ అనే బలమైన మూలం దాని నడినెత్తికి ఒక డిగ్రీ చుట్టుపక్కలే దాటిపోతుంది.

కుప్పం–పళని రేఖ వేరే తరహాది కనుక క్లుప్తంగా చాలు. ధార్వార్ శిలాఖండం నుంచి దక్షిణాన గ్రాన్యులైట్ శిలల ప్రాంతం దాకా సాగిన ఆ పరిశీలనలో తరంగమూలం తెలియనిది కాదు, మనుషులు పేల్చినదే. వెతకవలసింది దిశ కాదు, లోతున ఉన్న పొరల నుంచి తిరిగి వచ్చిన బలహీన ప్రతిధ్వని. ఇలాంటి పాఠాలను అడ్డువరుసకు ఒక జియోఫోన్, నిలువువరుసకు ఒక క్షణం చొప్పున పేర్చి, ఒక పొర ప్రతిధ్వనిని అన్ని వరుసల్లోనూ ఒకే నిలువుకు తెస్తే, ఆ ప్రతిధ్వని ఒక్కటే కోటి ఒకటి గల మాత్రికగా మిగులుతుంది, రొద అన్ని కోటుల్లోకీ చెదిరిపోతుంది. ఏకాంక విలువల విభజన చేసి మొదటి పదాన్ని ఉంచుకోవడమే ఆపై పని. చతురస్రం కాని మాత్రికకు లాక్షణిక మూలాల స్థానంలో వచ్చేవే ఏకాంక విలువలు. గాదంకిలో సగటు మీద మొగ్గిన భారం ఇక్కడ ఆ నిలువు సర్దుబాటు మీదికి మారుతుంది; అది తప్పితే మాత్రిక ఏ సాయమూ చేయదు.

ఈ రంగం మొత్తానికి హద్దు గీసిన పేరు ఒకటి ఉంది, అది తెలుగు పేరే. హడగలిలో తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో కన్నుమూసిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో ప్రచురించిన అసమానత, ఏ నిష్పాక్షిక అంచనా అయినా ఒక స్థాయికి మించి కచ్చితంగా ఉండజాలదని చెబుతుంది. సమదూర సెన్సర్ల వరుసకు, ఒకే మూలం విషయంలో, ఆ హద్దు ఇలా తేలుతుంది: పాఠాలు రెట్టింపైతే కోణపు విస్తృతి సగమవుతుంది, సెన్సర్లు రెట్టింపైతే సుమారు ఎనిమిదో వంతవుతుంది. 1968లో సి.జి. ఖత్రితో కలిసి ఆయన నిర్వచించిన మాత్రికా లబ్ధం నలభై ఏళ్ల తరవాత ఈ రంగంలోకి వచ్చి, సెన్సర్ల జతల తేడాలనే కొత్త సెన్సర్లుగా లెక్కించి, ఉన్న సెన్సర్ల కన్నా ఎక్కువ మూలాలను గుర్తించే పద్ధతులకు పునాది అయింది. అదనపు సామర్థ్యం గాలిలోంచి రాలేదు. దానికి పాఠాలు మరింత ఎక్కువ కావాలి, మూలాలు పరస్పరం సంబంధం లేనివి కావాలి.

పరిశీలించిన పద్ధతులన్నిటిలో, నిజమైన శ్రేణి మీద మొదట నడపవలసింది మామూలు పుంజమూ వికర్ణానికి స్థిరసంఖ్య కలిపిన కేపన్ పద్ధతీ అన్నది ఈ సమీక్ష తీర్పు. మ్యూజిక్, ఎస్ప్రిట్‌ల వంతు దశలు సరిచూసిన తరవాతే. పది ఆదర్శ సెన్సర్లను కంప్యూటర్లోనే ఊహించుకొని, రెండు డిగ్రీల ఎడంలో సూదిలాంటి శిఖరాలు గీసి ముగించే ప్రాజెక్టు నివేదికలకు మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కొదవ లేదు. వాటిలో తప్పు లేదు, నేర్చుకున్నదీ పెద్దగా లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఈ విషయం బోధించేవారు అంతకన్నా ఒక మెట్టు ఎక్కడానికి రాడార్ అక్కర్లేదు. ఎనిమిది చవక మైక్రోఫోన్లను కళాశాల డాబా మీద 17 సెంటీమీటర్ల ఎడంతో వరుసగా బిగించి, దూరంగా ఒక స్పీకరు పెట్టి 1000 హెర్ట్జ్ స్వరం వినిపిస్తే, ఎడం సగం తరంగదైర్ఘ్యానికి సరిపోతుంది. 64 పాఠాలతో ఎనిమిది వరుసల మాత్రిక సిద్ధమవుతుంది. శిఖరాలు గీయకముందు ఆ మాత్రిక లాక్షణిక మూలాలను ఎనిమిదింటినీ కాగితం మీద రాసి, స్పీకరు ఆపేసి మళ్లీ రాసి, రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.